స్కానరు బాగానే ఉంది, మధ్యలో దుబాసీయే లేడు

ప్రశ్న: అయ్యా, నేను గుంటూరు జిల్లాలో సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా దస్తావేజు లేఖరిగా పని చేస్తున్నాను. నా దగ్గర రెండు స్కానర్లున్నాయి. ఒకటి కానన్ లైడ్ 110, చాలా ఏళ్ల కిందట కొన్నది. రెండోది ఫుజిట్సు స్కాన్‌స్నాప్ ఎస్1500. హైదరాబాదులో మా బావమరిది పనిచేసే కంపెనీవాళ్లు పాత సామాను తీసేస్తుంటే తెచ్చిచ్చాడు. కాగితాల కట్ట పెడితే రెండు వైపులా చకచకా లాగేస్తుంది. విండోస్ 7 ఉన్న పాత ల్యాప్‌టాప్ మీద రెండూ హాయిగా నడిచేవి. ఇప్పుడు విండోస్ 11 కంప్యూటరు కొన్నాను. లైడ్ ఒక్కోసారి కనిపిస్తుంది, ఒక్కోసారి మాయమవుతుంది. ఎస్1500కైతే కొత్త సాఫ్ట్‌వేరు వేసినా అందులో దాని పేరే లేదు. షాపతను కొత్తవి కొనుక్కోమంటున్నాడు. మా అబ్బాయి కొత్త కంప్యూటరులో విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసేద్దాం అంటున్నాడు. ఇంటర్నెట్లో వెతికితే డ్రైవరు ఇస్తామని డబ్బులడుగుతున్నారు. పార్టీలు వచ్చి కూర్చుంటున్నారు, పని ఆగిపోతోంది. ఏం చేయమంటారు? (పేరు ప్రచురించవద్దు)

సమాధానం: ముందు పని ఆగకుండా చూసుకుందాం, కారణాలు తర్వాత. ఆ పాత ల్యాప్‌టాప్ ఇంకా నడుస్తుంటే దాన్ని ఎవరికీ ఇచ్చేయకండి. ఈ వారం స్కానింగంతా దాని మీదే చేసి, ఫైళ్లు పెన్‌డ్రైవులో కొత్తదానికి మార్చుకోండి. దానికి ఇంటర్నెట్ మాత్రం తీసేయండి. విండోస్ 7కి మైక్రోసాఫ్టు రక్షణ సవరణలు 2020 జనవరి 14తోనే ఆగిపోయాయి. మీ దగ్గరుండేవి జనం ఆధార్ కాపీలు, పాస్‌బుక్కులు, లింకు డాక్యుమెంట్లు.

ఇక నా మాట. లైడ్ 110 కొత్త కంప్యూటరు మీదే నడుస్తుంది, దానికి కొత్తది కొననక్కర్లేదు. ఎస్1500ని కొత్త కంప్యూటరుకు బలవంతాన అంటగట్టవద్దు. దాన్ని పాత ల్యాప్‌టాప్‌కే ఉంచి, ఆ ల్యాప్‌టాప్‌ని కొత్తదానితో కలపడం మేలు. మీ అబ్బాయి చెప్పింది సగం సరైనదే. లినక్స్ వేయాల్సిందే, వేయాల్సిన కంప్యూటరు వేరు.

స్కానరుకూ విండోస్‌కూ మధ్య డ్రైవరు దుబాసీ లాంటిది. యంత్రం తన భాష మార్చుకోలేదు, ఫ్యాక్టరీలో నేర్చిందే మాట్లాడుతుంది. విండోస్ మాత్రం తరం మారినప్పుడల్లా కొత్త షరతులు పెడుతుంది. కొత్త షరతులకు తగిన దుబాసీని కంపెనీ పంపకపోతే, రెండూ ఆరోగ్యంగానే ఉండి కూడా ఒకదానికొకటి అర్థం కావు. షాపతను "పాతదైపోయింది" అన్నది దీన్నే. యంత్రంలో అరిగిందేమీ ఉండకపోవచ్చు.

ఆ షరతుల్లో పెద్దది 64-బిట్, అంటే కంప్యూటరు ఒక్క దెబ్బకు ఎంత సమాచారం పట్టుకోగలదన్న లెక్కలో కొత్త తరం రకం; పాతది 32-బిట్. విండోస్ 11కి అసలు 32-బిట్ రకమే లేదు. 64-బిట్ విండోస్ తన గుండెకాయ దగ్గరకు 32-బిట్ డ్రైవర్ని రానివ్వదు. ఎంత బతిమాలినా, "కంపాటిబిలిటీ మోడ్" పెట్టినా అంతే. ఆ మోడ్ మామూలు ప్రోగ్రాములకే గానీ డ్రైవర్లకు పనికిరాదు. అందుకే కానన్‌లోనే లైడ్ 20, లైడ్ 30 లాంటి ముందు తరంవి కొన్నవాళ్లు విండోస్ 7 నాడే ఇరుక్కుపోయారు. వాటికి కంపెనీ 64-బిట్ డ్రైవరు ఇవ్వనేలేదు. మీ లైడ్ 110 వచ్చేసరికి 64-బిట్ విండోస్ మామూలైపోయింది కనుక డ్రైవరు దానితోపాటే పుట్టింది.

ఇక్కడ మీకు కలిసొచ్చే సంగతి ఇంకొకటుంది. చాలా యూఎస్‌బీ స్కానర్లలో లోతుగా కూర్చునే భాగం కంపెనీది కాదు. విండోస్‌లోనే మైక్రోసాఫ్టు పెట్టిన యూఎస్‌బీస్కాన్ అనే చిన్న డ్రైవరది. కంపెనీ ఇచ్చేది దాని పైన కూర్చునే పొర మాత్రమే. అందుకే విండోస్ 7, 8, 10ల కోసం రాసిన 64-బిట్ స్కానరు డ్రైవర్లు చాలామటుకు విండోస్ 11లోనూ పనిచేస్తాయి. ప్రింటరు, గ్రాఫిక్స్ కార్డుల కథ వేరు, వాటితో పోల్చి భయపడకండి.

ఇప్పుడు లైడ్ దగ్గరకు వద్దాం. "ఒక్కోసారి కనిపిస్తుంది, ఒక్కోసారి మాయమవుతుంది" అన్నారు చూశారా, ఆ ఒక్క ముక్కతో సగం తేలిపోయింది. డ్రైవరు సరిపోకపోతే ఎప్పుడూ కనిపించకూడదు. వచ్చి పోతుందంటే అనుమానం కరెంటు మీదకు, కేబులు మీదకు వెళ్లాలి. లైడ్‌కు వేరే ప్లగ్గు ఉండదు, యూఎస్‌బీ తీగలో వచ్చే కరెంటుతోనే లోపలి దీపం, మోటారు రెండూ నడవాలి. దాన్ని మీరు కీబోర్డు, మౌసు, పెన్‌డ్రైవు అన్నీ గుచ్చిన హబ్బుకు పెట్టి ఉంటే తీసేయండి. కంప్యూటరు ముందువైపు పోర్టులు కూడా వద్దు, అవి లోపల పొడవాటి తీగతో వస్తాయి. వెనకవైపు, మదర్‌బోర్డుకే ఉన్న పోర్టులో నేరుగా పెట్టండి. నీలం రంగువి యూఎస్‌బీ 3.0 పోర్టులు, నల్లవి సాధారణంగా 2.0. రెండూ ఉంటే ముందు నల్లదానిలో పెట్టి చూడండి. పాత స్కానర్లు కొన్ని 3.0 పోర్టుల దగ్గర మొరాయించడం తరచూ కనిపించేదే. కేబులు కూడా మార్చండి. స్కానరు మూతికి సరిపోయేదే, పొట్టిది తీసుకోండి.

అవన్నీ సరిగా ఉన్నా మాయమవుతుంటే, అది విండోస్ పొదుపు బుద్ధి. కాసేపు వాడని పోర్టుకు కరెంటు తగ్గించేస్తుంది, పాత స్కానరుకు ఆ నిద్రలోంచి లేవడం చేతకాదు. స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. కింద యూనివర్సల్ సీరియల్ బస్ కంట్రోలర్స్ అని ఉంటుంది. అందులో యూఎస్‌బీ రూట్ హబ్ మీద రెండుసార్లు నొక్కి, పవర్ మేనేజ్‌మెంట్ అనే చోటికి వెళ్లి, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు అన్న టిక్కు తీసేయండి. రూట్ హబ్బులు రెండు మూడు ఉంటే అన్నిటికీ తీసేయండి. ఈ ఒక్క టిక్కు తీస్తే బాగుపడే స్కానర్లకు కొత్త డ్రైవర్లంటూ జనం రోజులకు రోజులు వెతుకుతుంటారు.

లైడ్‌ని ఎక్కడికైనా మోసుకెళ్లి ఉంటే ఒకసారి తిరగేసి అడుగున చూడండి. తాళం బొమ్మ ఉన్న చిన్న మీట ఉంటుంది. ప్రయాణంలో లోపలి పట్టీ కదలకుండా పెట్టింది. అది తాళం వైపు ఉండిపోతే స్కానరు కనిపిస్తుంది, పని మాత్రం మొదలుపెట్టగానే లోపం చూపిస్తుంది.

డ్రైవరు కానన్ సొంత సపోర్టు పేజీ నుంచే తీసుకోండి, అది ఉచితం. అక్కడ విండోస్ 11 ఎంచుకుంటే ఏమీ రాకపోతే విండోస్ 10 64-బిట్ ఎంచుకుని చూడండి. ఎక్కించే వరస ముఖ్యం. ముందు కేబులు తీసేయాలి, ఇదివరకు వేసిన కానన్ డ్రైవర్ని తొలగించాలి, కంప్యూటరు రీస్టార్ట్ చేయాలి, కొత్త ఫైలు మీద కుడి క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ అనాలి, అది అడిగినప్పుడే కేబులు పెట్టాలి. తొందరపడి ముందే పెడితే విండోస్ తనకు తోచినదేదో తగిలిస్తుంది.

దాంతోపాటు వచ్చే కానన్ పాత ప్రోగ్రామును పట్టుకుని వేలాడనక్కర్లేదు. నాప్స్2 అని ఒక ఉచిత ప్రోగ్రాముంది. పేజీలు కలిపి ఒకే పీడీఎఫ్ చేస్తుంది, వంకరగా వచ్చిన కాగితాన్ని సరిచేస్తుంది, పేజీల వరస మార్చుకోనిస్తుంది. దస్తావేజు పనికి ఇంతకన్నా ఏం కావాలి? అచ్చు తెలుగును వెతకడానికి వీలైన అక్షరాలుగా మార్చే సదుపాయం కూడా అందులో ఉంది, తెలుగు భాష ఫైలు విడిగా దించుకోవాలి. చేతిరాత దస్తావేజుల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి.

నాప్స్2లో మొదటిసారి ప్రొఫైల్ చేసుకునేటప్పుడు డబ్ల్యూఐఏనా, ట్వెయినా అని అడుగుతుంది. ఇవి రెండూ ప్రోగ్రాములకూ స్కానరు డ్రైవర్లకూ మధ్య ఒప్పందాలు. ట్వెయిన్ 1992 నాటిది. డబ్ల్యూఐఏ ఆ తర్వాత విండోస్ ఎంఈ, ఎక్స్‌పీల కాలంలో మైక్రోసాఫ్టు తెచ్చింది. విండోస్‌తో వచ్చే స్కాన్ ప్రోగ్రాముకు డబ్ల్యూఐఏ ఒక్కటే తెలుసు. ట్వెయిన్ డ్రైవరు మాత్రమే ఉన్న స్కానరు అక్కడ ఎన్నటికీ కనిపించదు. దాన్ని చూసి స్కానరు పోయిందనుకుంటారు చాలామంది. ఇంకో తిరకాసు: ట్వెయిన్ డ్రైవరు 32-బిట్‌దైతే 64-బిట్ ప్రోగ్రాము దాన్ని నేరుగా వాడుకోలేదు. నాప్స్2 ఈ రెండు రకాలకూ ఏర్పాటు చేసుకుంది. అందుకే దాన్ని చెబుతున్నాను. లైడ్‌కి ముందు డబ్ల్యూఐఏ పెట్టి చూడండి, రంగులో గానీ వేగంలో గానీ తేడా వస్తే ట్వెయిన్‌కి మారండి.

ఇప్పుడు ఎస్1500. మీ అసలు ఆస్తి ఇదే. లైడ్ అద్దం ఏ4 దాటి పట్టదు. మీ స్టాంపు కాగితాలు, లీగల్ సైజు షీట్లు దాని మీద పెడితే కింద సంతకాల దగ్గర కోసుకుపోతుంది. ఎస్1500 లీగల్ సైజును మింగేస్తుంది, ఒకేసారి యాభై కాగితాలు పెట్టుకోవచ్చు, నిమిషానికి ఇరవై దాకా రెండు వైపులా తీస్తుంది. దీన్ని పారేయమన్నవాడి మాట వినకండి.

ఒక చిన్న సంగతి ముందు చూసుకోండి. ఎస్1500 మూత తెరిస్తేనే ఆన్ అవుతుంది. మూత వేసి ఉంటే కంప్యూటరుకు అది లేనట్టే. బల్ల మీద చోటు కోసం మూసి ఉంచి, డివైస్ మేనేజరులో వెతికితే దొరకదు.

మీరు వేశానన్న కొత్త సాఫ్ట్‌వేరు స్కాన్‌స్నాప్ హోమ్ అయి ఉంటుంది. దాని జాబితాలో ఎస్1500 లేదు. మీరు ఎక్కించడంలో తప్పేమీ లేదు. ఈ మోడల్‌ది పాత స్కాన్‌స్నాప్ మేనేజర్, దాన్నీ విండోస్ 10 దాకానే కంపెనీ తన బాధ్యతగా చెప్పింది. పైగా స్కాన్‌స్నాప్‌లకు ఒక పుట్టు గుణం ఉంది: వాటికి ట్వెయినూ లేదు, డబ్ల్యూఐఏ కూడా లేదు. తమ సొంత ప్రోగ్రాముతో తప్ప ఎవరితోనూ మాట్లాడవు. కొన్న రోజున అది సుఖంగానే ఉంటుంది, ఒక్క బటన్ నొక్కితే పీడీఎఫ్ వచ్చేస్తుంది. ఆ ఒక్క ప్రోగ్రాము వయసు మీరితే మాత్రం కంపెనీ నుంచి వేరే దారి ఉండదు. అందుకే విండోస్ మీద నాప్స్2 వేసినా ఎస్1500 కనిపించదు. నాప్స్2ను తిట్టుకోవద్దు.

కంపెనీ సైటులో పాత మేనేజర్ కోసం వెతకాలనుకుంటే ఫుజిట్సు దగ్గర కాదు, రికో దగ్గర వెతకండి. ఈ స్కానర్లు తయారు చేసే పీఎఫ్‌యూ అనే సంస్థలో 80 శాతం వాటాను 2022లో రికో కొనేసింది, మరుసటి ఏడాది నుంచి స్కానర్ల మీద పేరు కూడా మారింది. పాత మేనేజర్ దొరికితే ఒక పూట వేసి చూడవచ్చు. పడితే సంతోషం, కానీ దాన్ని నమ్ముకుని రోజువారీ పని పెట్టుకోవద్దు. ఏదో ఒక విండోస్ అప్‌డేట్ వచ్చి సరిగ్గా పార్టీలు కూర్చున్న వేళకే చెడగొడుతుంది, దానికి కంపెనీ జవాబుదారీ కాదు.

డబ్బు పెట్టడానికి సిద్ధమైతే వ్యూస్కాన్ ఉంది. హామ్రిక్ అనే చిన్న అమెరికన్ కంపెనీ 1998 నుంచి ఇదే పని చేస్తోంది. కంపెనీలు వదిలేసిన స్కానర్ల భాషను తాము నేర్చుకుని సొంత డ్రైవర్లు రాయడం వాళ్ల పని. ఎస్1500 వాళ్ల జాబితాలో ఉంది. ముందు ఉచితంగా దించుకుని చూడవచ్చు, అప్పుడు తీసే బొమ్మల మీద వాటర్‌మార్క్ పడుతుంది. దస్తావేజు మీద అది పనికిరాదు గానీ, మీ కంప్యూటరు మీద మీ స్కానరు కదులుతుందో లేదో తెలుస్తుంది. కదిలితేనే కొనండి. కొనేటప్పుడు కాగితాల ఫీడరుకు పనికొచ్చే రకమేదో వాళ్ల పేజీలో చదువుకోండి, చవక రకంలో అన్నీ ఉండకపోవచ్చు. దాని తెర కాస్త గజిబిజిగా ఉంటుంది. ఒకసారి అమర్చి పెట్టేస్తే మాత్రం రోజూ ముట్టుకోనక్కర్లేదు.

డబ్బు పెట్టకుండా, ఇంకా గట్టిగా నిలిచే దారి మీ అబ్బాయి చెప్పిన లినక్స్. లినక్స్‌లో సేన్ అనే స్కానరు వ్యవస్థ ఉంది. అందులో డ్రైవర్లు ఏ కంపెనీ దయాదాక్షిణ్యాల మీదా ఆధారపడినవి కావు. ఎన్నో ఏళ్లుగా ఔత్సాహికులు రాసి, చూసుకుంటూ వస్తున్నారు. కంపెనీకి పాత మోడల్ అంటే అమ్మకం అయిపోయిన సరుకు. సేన్ రాసేవాళ్లకు అది తమ బల్ల మీదున్న యంత్రం. ఎస్1500కి అందులో ఫుజిట్సు పేరుతోనే డ్రైవరు ఉంది, రెండు వైపులా స్కానింగుతో సహా పనిచేస్తుంది. మీ లైడ్ 110కి జెనెసిస్ అనే డ్రైవరు ఉంది. ఇందాక చెప్పిన లైడ్ 20, 30 లాంటి అనాథలకు కూడా ప్లస్‌టెక్ అనే డ్రైవరు ఉంది. మీ పక్క కొట్లో ఎవరి దగ్గరైనా అవి అటక మీద ఉంటే చెప్పండి.

అయితే కొత్త కంప్యూటరులో విండోస్ తీసేసి లినక్స్ వేయడం నాకు ససేమిరా ఇష్టం లేదు. మీ డాక్యుమెంట్ల నమూనాలన్నీ వర్డ్‌లో ఉంటాయి, తెలుగు టైపింగ్ అలవాటు, ఫాంట్లు అన్నీ విండోస్‌వే, వాటిలో సగం పాత "అను" ఫాంట్లేమో కూడా. స్కానరు కోసం వాటన్నిటినీ కదిపితే ఒక తలనొప్పికి పది తలనొప్పులు. లినక్స్ వేయాల్సింది పాత ల్యాప్‌టాప్‌లో.

అబ్బాయికి ఇలా చెప్పండి. లినక్స్ మింట్ అనే రకాన్ని దించి పెన్‌డ్రైవులోకి ఎక్కించాలి. ల్యాప్‌టాప్‌ని ఆ పెన్‌డ్రైవుతోనే తెరిస్తే లోపల ఏమీ చెరపకుండా లినక్స్ నడుస్తుంది. ఎస్1500 మూత తెరిచి, కేబులు పెట్టి, అక్కడే ఉండే డాక్యుమెంట్ స్కానర్ అనే ప్రోగ్రాము నొక్కాలి. స్కానరు పేరు కనిపించి, రెండు కాగితాలు సరిగా వస్తే అప్పుడు ఇన్‌స్టాల్ చేయడం గురించి ఆలోచించండి. ఇన్‌స్టాల్ చేస్తే లోపలున్నదంతా పోతుంది కనుక పాత ఫైళ్లు ముందే వేరే డిస్కులోకి తీసిపెట్టుకోవాలి. ఈ మాట అబ్బాయికి రెండుసార్లు చెప్పండి. పాత పార్టీల కాపీలు దానిలోనే ఉండి ఉంటాయి.

తర్వాతి అడుగు నాకు బాగా నచ్చేది. నాప్స్2 లినక్స్‌కి కూడా ఉంది, అక్కడ సేన్‌తో మాట్లాడుతుంది కనుక ఎస్1500ని చూడగలదు. అందులో స్కానర్ షేరింగ్ అని ఉంటుంది. అది పెడితే ల్యాప్‌టాప్ తన స్కానర్ని ఈఎస్‌సీఎల్ అనే పద్ధతిలో వైఫై మీద పంచుతుంది. ఈఎస్‌సీఎల్ అంటే ఇప్పటి నెట్‌వర్కు స్కానర్లు చాలామటుకు మాట్లాడే ఉమ్మడి భాష, దానికి ఏ కంపెనీ డ్రైవరూ అక్కర్లేదు. కొత్త కంప్యూటరులో నాప్స్2 తెరిచి, డబ్ల్యూఐఏ, ట్వెయిన్‌ల పక్కనే ఉన్న ఈఎస్‌సీఎల్ ఎంచుకుంటే ఎస్1500 అక్కడ కనబడుతుంది. మీరు విండోస్ 11 ముందే కూర్చుని స్కాన్ నొక్కుతారు, కాగితం ఎస్1500లో కదులుతుంది, పీడీఎఫ్ మీ తెర మీదకు వస్తుంది. నాప్స్2 మూసేసినా పంపకం ఆగకుండా ఉండే టిక్కు కూడా అక్కడే ఉంది, పెట్టుకోండి. రెండు కంప్యూటర్లూ ఒకే రూటరు మీద ఉండాలి. కనబడకపోతే ముందుగా ఫైర్‌వాల్ చూడమనండి. లినక్స్ మింట్‌కి రక్షణ సవరణలు అందుతూనే ఉంటాయి కనుక ఈ ల్యాప్‌టాప్‌ని వైఫైకి కలిపినా భయం లేదు. విండోస్ 7తో ఇది కుదరదు.

రాబోయే ఏళ్లలో విండోస్ 11 పోయి ఇంకోటి వచ్చినా ఈ ఏర్పాటు చెడదు. కొత్త విండోస్ ఎస్1500ని ఎరగనే ఎరగదు, ఎరగాల్సిన అవసరమూ లేదు.

విండోస్ 11లోనే వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రాము పెట్టి, దాని లోపల విండోస్ 7 నడిపి, స్కానర్ని దానికి అప్పగించే పద్ధతి కూడా ఉంది. పనిచేస్తుంది. లైసెన్సు సంగతి చూసుకోవాలి, లోపలి విండోస్‌కు నెట్ కత్తిరించాలి, ప్రతిసారీ రెండు కంప్యూటర్లు తెరిచినంత సేపు ఆగాలి. ఏడాదికోసారి స్కాన్ చేసేవాళ్లకు ఫరవాలేదు గానీ మీ కొట్టుకు కాదు.

చేయకూడనివి మూడున్నాయి. మొదటిది మీరే పసిగట్టారు, డ్రైవరుకు డబ్బులడిగే సైట్లు. డ్రైవరు ఎప్పుడూ తయారీదారు దగ్గర ఉచితమే. "మీ కంప్యూటరులో 47 డ్రైవర్లు పాతబడ్డాయి" అని ఎర్ర అక్షరాలతో భయపెట్టే ప్రోగ్రాములు ఏవైనా వేసి ఉంటే ఈరోజే తీసేయండి. రెండోది, డిజిటల్ సంతకం (అసలైనదని చెప్పే గుర్తు) లేని డ్రైవర్ని ఎక్కించడానికి విండోస్ సంతకాల తనిఖీని ఆపేయమని చెప్పే వీడియోలు. మూడోది దానికి తమ్ముడు: విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ, దానిలో కోర్ ఐసొలేషన్ కింద మెమరీ ఇంటెగ్రిటీ అని, విండోస్ గుండెకాయకు కాపలా కాసే ఒక మీట ఉంటుంది. పాత డ్రైవర్లు కొన్ని దానికి పడవు, దాన్ని ఆపితే స్కానరు పనిచేస్తుందని చెబుతారు. నిజంగానే పనిచేయవచ్చు కూడా. ఇంట్లో పిల్లలు బొమ్మలు స్కాన్ చేసుకునే కంప్యూటరైతే మీ ఇష్టం అనేవాణ్ని. ఊళ్లో సగం మంది ఆధార్, బ్యాంకు, భూమి కాగితాలు ఉన్న కంప్యూటరులో ఒక పాత స్కానరు కోసం ఆ తలుపు తీయడం తప్పు. అలాంటి డ్రైవరు కావాల్సిన స్కానర్ని పాత ల్యాప్‌టాప్ వైపు పంపండి.

ఎస్1500 బాగా నడవడం మొదలయ్యాక దాన్ని అన్నిటికీ వాడాలనిపిస్తుంది. పాత దస్తావేజులను మాత్రం దానిలో పెట్టకండి. మడతల దగ్గర చిరిగిన పాత స్టాంపు కాగితాన్ని రోలర్లు లాగితే రెండు ముక్కలై బయటికి రావచ్చు, పార్టీకి మీరు ఏం సమాధానం చెబుతారు? అలాంటివాటికి లైడ్ అద్దమే మంచిది, లీగల్ సైజైతే పై సగం, కింది సగం విడివిడిగా తీసుకోండి. మంచి కాగితాల్లో కూడా గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు చూసి తీయాలి. ఒక్క పిన్ను లోపలి అద్దం మీద గీత పెడితే ఆ తర్వాత తీసే ప్రతి పేజీ మీదా నిలువు గీత వస్తూనే ఉంటుంది. ఇప్పటికే సన్నని నిలువు గీత వస్తుంటే భయపడకండి. ఎక్కువసార్లు అది అద్దం మీద అంటుకున్న జిగురో, సిరా మరకో అయి ఉంటుంది. మూత తెరిచి, నూలు రాలని మెత్తని గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాలు కొద్దిగా అద్ది తుడవండి. రెండు కాగితాలు ఒకేసారి లాగేస్తుంటే దానిలో రబ్బరు ప్యాడ్ అరిగిందని అర్థం. యాభై వేల కాగితాలకో ఏడాదికో ప్యాడ్, లక్ష కాగితాలకో ఏడాదికో పిక్ రోలరు మార్చమని కంపెనీ లెక్క. మీ బావమరిది కంపెనీలో అది ఎన్ని లక్షలు తిన్నదో తెలియదు కనుక ముందు ప్యాడ్ మార్చి చూడండి. ఆన్‌లైన్‌లో ఎస్1500 పేరుతో వెతకండి.

ఎప్పటికైనా కొత్తది కొనాల్సి వస్తే, పేరును బట్టి కాకుండా ఈఎస్‌సీఎల్ గానీ మోప్రియా (ఇదీ అలాంటి ఉమ్మడి పద్ధతి గుర్తే) గానీ రాసి ఉందా అని చూసి కొనండి. యూఎస్‌బీ తీగ మాత్రమే ఉండి, కంపెనీ డ్రైవరు తప్పనిసరైన చవక స్కానరు కొంటే కొన్నేళ్లకు నాకు మళ్లీ ఇదే ఉత్తరం రాయాల్సి వస్తుంది. అలాగే అబ్బాయి కోసం ల్యాప్‌టాప్ కొనేటప్పుడు స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్ ఉన్నది చూపిస్తే ఒక నిమిషం ఆగండి. బ్యాటరీ బాగా వస్తుంది, నిజమే. కానీ దానిలోని విండోస్ మామూలు ప్రోగ్రాములను అనుకరించి నడపగలదే గానీ, డ్రైవర్లు దానికోసం విడిగా రాసినవే కావాలి. పాత స్కానర్లకు అవి తయారీ కంపెనీలు దాదాపుగా రాయలేదు.

ఇవన్నీ చేసినా లైడ్ కుదురుకోకపోతే డివైస్ మేనేజరులో స్కానరు పేరు మీద రెండుసార్లు నొక్కి, అక్కడ కనిపించే కోడ్ అంకె రాసి పంపండి. 28 అంటే డ్రైవరే లేదు, 52 అంటే సంతకం దగ్గర ఆగింది, 10 అంటే డ్రైవరు ఉంది గానీ యంత్రం లేవలేదు. మూడింటికీ మందులు వేరు. పేరు బదులు పసుపు గుర్తుతో "తెలియని పరికరం" అని ఉంటే డీటెయిల్స్‌లో హార్డ్‌వేర్ ఐడీలు అని ఉంటుంది, అది కూడా పంపండి. అందులో వీఐడీ (తయారీదారు సంఖ్య) పక్కన 04ఏ9 అని ఉంటే కానన్, 04సీ5 అని ఉంటే ఫుజిట్సు. ఆ రెండూ కాకుండా మొదట్లో 0000 అని ఉందంటే ఉత్తరం కూడా రాయనక్కర్లేదు, స్కానరు తన పేరే చెప్పుకోలేకపోతోందని అర్థం. ముందు కేబులు మార్చండి.